పండగ ఒక్కరోజు, పలహారం నెల రోజులు

దసరా దగ్గరపడితే చాలు, ఫోనుల్లో రెండు రకాల మెసేజీలు మొదలవుతాయి. ఒకటి స్వీటు అంగళ్ళ ఆఫర్లు. రెండోది ఆరోగ్య సలహాలు: తీపి తగ్గించండి, నీళ్ళు బాగా తాగండి, రోజూ నడవండి. చాలాసార్లు ఈ రెండూ ఒకే గ్రూపులో, ఒకే పూట, ఒకే మనిషి దగ్గర్నుంచి వస్తాయి. రెండిటికీ మనం చేతులు జోడించిన బొమ్మే పెడతాం. తర్వాత మొదటిదాన్ని పాటిస్తాం, రెండోదాన్ని ఇంకొకరికి పంపిస్తాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఒళ్ళు పాడుచేసేది పండగ కాదు. పండగకి గట్టు లేకుండా పోవడమే పాడుచేస్తా ఉంది. మడికి గట్టు ఉంటేనే నీళ్ళు నిలుస్తాయి, గట్టు తెగితే పక్క చేను కూడా మునుగుతుంది. ఒక్కరోజు తినాల్సిన తిండి నెల రోజుల మీదికి పారుతా ఉంది. కాబట్టి "తినొద్దు, తినొద్దు" అని ఒక్కొక్క మనిషి వెంట పడటం దండగ. ఇల్లంతా కలిసి ఆ గట్టు మళ్ళీ వేసుకోవాలి.

మనలాంటి ఇళ్ళకి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఎందుకంటే బర్గూరులో తెలుగు ఇల్లు అంటే ఒక పంచాంగంతో నడిచేది కాదు. మన పండగలు మనకు ఉన్నాయి. చుట్టూ తమిళ ఊరు. హోసూరు వైపు, బెంగుళూరు వైపు బంధువులూ స్నేహితులూ కన్నడం వాళ్ళు. నవరాత్రుల్లో కొలువు పెట్టినవాళ్ళ ఇంటికి పోవాలి. ఆయుధ పూజకి కంపెనీల్లో, అంగళ్ళలో బొరుగులతో పాటు స్వీటు బాక్సులు పంచుతారు. దీపావళి తమిళులకు చతుర్దశి తెల్లవారుజామున మొదలైతే, కన్నడం వాళ్ళు బలిపాడ్యమి దాకా చేస్తారు. కార్తీక దీపానికి పక్కింటి నుంచి బొరుగుల ఉండలు వస్తాయి. డిసెంబరు చివర ఆఫీసులో కేకు. జనవరి ఒకటిన మళ్ళీ కేకు. ఆ తర్వాత భోగి, సంక్రాంతి, కనుమ. ఆయుధ పూజ నుంచి కనుమ దాకా లెక్కేస్తే సుమారు మూడు నెలలు, కొన్నేళ్ళు మూడున్నర. ఏడాదిలో పావు వంతు పైన! దాన్ని "పండగ పూట" అని ఎట్లా అంటాం?

మూడు సంస్కృతుల మధ్య బతకడం మన అదృష్టం. నేను దాన్ని తగ్గించి మాట్లాడటం లేదు. కానీ మూడు ఇళ్ళ తీపినీ తీసుకున్నాం, మూడు ఇళ్ళ హద్దుల్నీ వదిలేశాం. హద్దులు మాత్రం ఉండేవి, అవి పండగలోనే ఉండేవి.

చూడండి. నవరాత్రుల్లో కొలువుకి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టేది మైసూరుపాకు కాదు, గుగ్గిళ్ళు. తమిళంలో శుండల్, కన్నడంలో ఉసలి. తొమ్మిది రోజులూ తొమ్మిది రకాల గింజలు: శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగలు. ఉడకబెట్టి, తిరగమాత వేసి, కాస్త కొబ్బరి చల్లితే అయిపోయింది. దీపావళి అయిన మర్నాటికే కార్తీకం వస్తుంది. సోమవారాలు ఉపవాసం, ఒంటిపూట భోజనం, చాలా ఇళ్ళలో నెలంతా నీసు బంద్. మనకి కార్తీకం పండగ తర్వాత వస్తే, తమిళులకు పురటాసి నెల పండగకు ముందే వస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారకముందే లేవడం. మధ్యలో వైకుంఠ ఏకాదశి. తమిళ ఇళ్ళలో దీపావళి పొద్దున తలంటు అయ్యాక నోట్లో మొదట పెట్టేది దీపావళి లేగియం: శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లం, నెయ్యి వేసి ఉడికించిన మందు. ఈరోజు పొట్టకి పని ఎక్కువ అని ముందే తెలుసుకున్న పండగ అది. కన్నడం వాళ్ళ ఎళ్ళు బెల్ల చూడండి. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగలు చిన్న పొట్లంలో కట్టి ఇంటింటికీ పంచుతారు. పిడికెడే. ఎవరూ కిలో ఎళ్ళు బెల్ల తినరు.

ఇంకొక గట్టు ఉండేది, అది పని. అరిసెలు కావాలంటే బియ్యం నానబెట్టాలి, దంచాలి, జల్లించాలి, పాకం చూడాలి. ఓళిగలకి బేడలు ఉడకబెట్టి రుబ్బాలి. ఇంత చాకిరీ ఉంటే ఎన్ని చేస్తారు? పండగకి సరిపడా చేస్తారు. ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే రెండు కిలోలు గుమ్మం దగ్గరికి వస్తాయి.

పాత కాలం అంతా బంగారం అని నేను అనడం లేదు. అప్పుడు తీపి తక్కువ తిన్నది జ్ఞానంతో కాదు, లేమితో. పూటకి సంగటి దొరికితే చాలనుకున్న ఇళ్ళు మనవి. ఏడాదికి నాలుగుసార్లు ఓళిగ తినేవాళ్ళకు ఆ నాలుగుసార్లు కడుపునిండా తినడం తప్పు కాదు, అది వాళ్ళ హక్కు. మర్నాడు పొద్దున్నే చేనికి పోయేవాళ్ళు కదా. మనం చేనికి పోవడం లేదు. కుర్చీలో కూచుంటున్నాం. ఓళిగ మారలేదు, దాని చుట్టూ ఉన్న మిగతా మూడు వందల అరవై రోజులు మారిపోయాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదని చెప్పడానికి రెండు అంకెలు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేసిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి చక్కెర జబ్బు ఉంది. ఇంకా 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. మన జిల్లాకి దీనితో ఒక సంబంధం కూడా ఉంది. తమిళనాడు ప్రభుత్వం ఇంటి దగ్గరికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇచ్చే "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి అనే ఊళ్ళో. ఊరి పేరు చూశారా, మన పేరే. ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని ఆ పేరుకి అర్థం. ప్రభుత్వం గడప దాకా మాత్ర తెచ్చి ఇవ్వగలదు. గడప లోపల పళ్ళెంలో ఏం ఉందో మనమే చూసుకోవాలి.

"ఏడాదంతా జాగ్రత్తగా ఉంటాం, పండగలకి కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు అమెరికాలో 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో దొరుకుతుంది. అక్కడ నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా పండగల కాలం. ఆ రోజుల్లో 195 మంది బరువు తూచి చూస్తే సగటున పెరిగింది 370 గ్రాములే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ పెరిగిన బరువు తర్వాత నెలల్లో తగ్గలేదు. ఏడాదికి ఇంత, మరుసటి ఏడాది ఇంకొంత. బరువు పండగల్లో ఎక్కుతుంది, మామూలు రోజుల్లో దిగదు. ఇరవై పండగ కాలాలు గడిచాక అద్దంలో చూసుకుని "వయసుతో వచ్చింది" అనుకుంటాం.

ఇంకొకటి, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో క్రిస్మస్ రోజుల్లో చేసింది, 2018లో అచ్చయింది. 272 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు వాళ్ళకు వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకోమని, కొన్ని చిన్న చిట్కాలు పాటించమని చెప్పారు. పండగ తిండి కరిగించాలంటే ఎంత నడవాలో ఒక పట్టీ కూడా ఇచ్చారు. రెండో జట్టుకి ఒక చిన్న కరపత్రం ఇచ్చి వదిలేశారు. పండగలు అయ్యేసరికి రెండు జట్లకీ మధ్య దాదాపు అరకిలో తేడా వచ్చింది. మొదటి జట్టు వాళ్ళు పండగ మానుకోలేదు. కంటికి ఒక లెక్క కనిపిస్తా ఉండింది, అంతే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అందులో ఒక మామూలు సూత్రం ఉంది. పది మంది వాడినప్పుడు బాగా నడిచింది కదా అని ఏ యాప్‌నీ బయటికి వదలరు. పండగ సేల్ రోజు లక్షల మంది ఒకేసారి వస్తే నిలబడుతుందా అని చూస్తారు. పడిపోతే అది బాగున్నట్టు లెక్క కాదు. మన అలవాట్లూ అంతే అని నేను అనుకుంటా. చుట్టాలు లేని, ప్రయాణం లేని, తీపి లేని మంగళవారం నాడు నడవడం గొప్ప కాదు. ఇంట్లో పదిహేను మంది ఉన్న రోజున ఏ అలవాటు నిలబడుతుందో అదే నిజంగా మన అలవాటు. కాబట్టి పండగకి పది నియమాలు పెట్టుకుంటే ఒక్కటీ నిలవదు. నిలబడేవి నాలుగైదు చాలు. నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, పండగ తీపికి తేదీ పెట్టండి. దీపావళి తీపి దీపావళికి ముందు రోజు ఇంట్లోకి రావాలి, మూడో రోజుకి ఇంట్లో ఉండకూడదు. మిగిలితే పంచేయాలి. వచ్చిన బాక్సులన్నీ ఒకేసారి తెరవొద్దు. పది బాక్సులు వచ్చినప్పుడు పదీ మనం తినాలని ఎవరూ శపించలేదు. ఊళ్ళో బట్టల అంగళ్ళలో దీపావళి నెల రాత్రి దాకా నిలబడి పనిచేసే పిల్లలు ఎంతమంది ఉన్నారు! బాక్సు వాళ్ళ చేతికి మొదటి రోజే తాజాగా ఇస్తే అది పంచుకోవడం. వారం తర్వాత మెత్తబడ్డాక ఇస్తే అది వదిలించుకోవడం.

పెద్దగా ఎవరూ పట్టించుకోనిది పండగ నూనె. గారెలు, నిప్పట్లు, కజ్జికాయలు వేయించిన నూనెని వడకట్టి డబ్బాలో పోసి నెల రోజులు తిరగమాతకి, మళ్ళీ వేపుడుకి వాడతాం. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి ఒక హద్దు దాటిన నూనెని వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి నియమం కూడా పెట్టింది. ఇంట్లో కొలిచే మిషను ఉండదు కాబట్టి తేలిక దారి ఒకటే: బాండలిలో తక్కువ నూనె పోయండి, మిగిలేది తక్కువ ఉంటుంది.

రెండోది, కొసరి కొసరి వడ్డించడం మానేద్దాం. ఇది చాలామందికి కోపం తెప్పించే మాటని తెలుసు. "ఏం బావా, ఒక్క ఓళిగకి ఏమైపోతావు? నా మీద ఒట్టు" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ షుగరు ఉన్న మనిషి ప్రతి ఇంట్లో ఆ ఒక్కటి తింటే సాయంత్రానికి ఏడవుతాయి. వద్దంటే గర్వం అంటారు, తింటే జబ్బు పెరుగుతుంది. ఇంటికి వచ్చిన మనిషిని అట్లాంటి ఇరుకులో పెట్టడం మర్యాదా? ఆకులో పెట్టేశాక వద్దనడం కష్టం. కాబట్టి ముందే అడగాలి. "అత్తా, సంగటి పెట్టేదా, అన్నం పెట్టేదా?" అని అడిగితే ఎవరికీ చిన్నతనం ఉండదు. జబ్బు ఉన్నవాళ్ళకు విడిగా "పత్యం కూడు" అని మూల కూచోబెట్టడం కూడా సరికాదు. పితికిపప్పు, ఉలవచారు, ఆకుకూర అందరి ఆకుల్లోనూ ఉంటే ఎవరూ వేరు కాదు.

మూడోది మాత్రలు. ప్రయాణం అంటే బట్టలు సర్దుకుంటాం, మాత్రల డబ్బా మర్చిపోతాం. పండగ వారానికి సరిపడా మాత్రలు ముందే తెచ్చిపెట్టుకోవాలి, ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో. "ఈరోజు తీపి ఎక్కువ తిన్నా, ఇంకో మాత్ర వేసుకుంటా" అనే లెక్క ఎవరూ సొంతంగా వేయకూడదు. ఉపవాసానికీ అంతే. షుగరు మాత్రలు, ఇన్సులిను తీసుకునేవాళ్ళు ఏమీ తినకుండా ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, అది ప్రమాదం. కార్తీక సోమవారం ఉండాలనుకుంటే ముందే డాక్టర్ని అడగండి. దేవుడు కోప్పడడు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యం: వండేవాళ్ళ ఆరోగ్యం. పండగ ఆరోగ్యం గురించి రాసేవాళ్ళందరూ తినేవాళ్ళ గురించే రాస్తారు. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, అందరికీ వడ్డించి, మూడు గంటలకి ఆఖరున తినేది ఎవరు? అమ్మ, పిన్నమ్మ, వదిన. వాళ్ళల్లో షుగరు ఉన్నవాళ్ళు ఎంతమంది! పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా తినకుండా నిలబడితే కళ్ళు తిరుగుతాయి. దాన్ని మనం "అలసట" అని సరిపెడతాం. ఇంట్లో షుగరు ఉన్న ఆడమనిషి మొదటి పంక్తిలో కూచోవాలి, మగవాళ్ళు వడ్డించాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, డాక్టరు అక్కర్లేదు, జిమ్ము అక్కర్లేదు. అందుకే కాబోలు ఇంత కష్టంగా ఉంది.

అయిదోది నడక, ఒంటరిగా కాదు, గుంపుగా. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. పండగ మధ్యాహ్నం అందరూ టీవీ ముందు పడుకునే బదులు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఎండ తగ్గాక జగదేవి రోడ్డు వైపు పోయి రావచ్చు. చుట్టూ గుట్టలు ఉన్న ఊరు మనది. అవ్వ, తాత ఊరు అప్పుడు ఎట్లా ఉండేదో చెప్పుకుంటా నడిస్తే పిల్లలకు అది వ్యాయామం అనిపించదు.

ఇప్పుడు అసలు అడ్డంకి. ఈ మాటలన్నీ ఎవరితోనైనా అంటే ఒక జవాబు వస్తుంది: "మనకి తెలుగుదనం అని మిగిలిందే ఈ తిండి. అదీ తగ్గించమంటావా?"

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్నవాళ్ళకు ఈ బాధ తెలియదు. అక్కడ బడి తెలుగు, బోర్డు తెలుగు, బస్సు తెలుగు. ఇక్కడ మన పిల్లలు తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. నేను చదివింది కన్నడ మీడియం. నా తెలుగు పుస్తకాల్లోంచి రాలేదు, వంటింట్లోంచి వచ్చింది. పాకం, తిరగమాత, చిటికెడు, దోసెడు, పితకడం, చెరగడం, ఇవన్నీ పలకమీద దిద్దకముందే చెవిలో పడ్డ మాటలు. కాబట్టి అరిసె వద్దంటే అవ్వని వద్దన్నట్టు అనిపించడం నాకు అర్థమవుతుంది.

కానీ ఒక్క మాట. మన తిండి వారసత్వం అంటే తీపి పళ్ళెం ఒక్కటేనా? ఏడాదికి నాలుగుసార్లు వండిన ఓళిగ వారసత్వం అయితే, మూడు వందల రోజులు వండిన రాగి సంగటి కాదా? చలికాలంలో అనపకాయలు వస్తాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజా వేళ్ళతో పితికి తొక్క తీస్తే గానీ పితికిపప్పు కాదు. ఆ గంటసేపు ఎవరి చేతిలోనూ ఫోను ఉండదు, ఎందుకంటే చేతులు తడి. ఎంత తెలుగు ఆ గంటలో నడుస్తుంది! కొన్న స్వీటు బాక్సు చుట్టూ ఎంత తెలుగు నడుస్తుంది? "ఇంకోటి తీసుకో" అంతే.

తమాషా ఏమంటే, మనం చిన్నచూపు చూసిన ఈ తిండినే లోకం ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటా ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా చేసింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం పక్కనే ఉన్న ధర్మపురి జిల్లాలోనూ, నీలగిరిలోనూ రేషన్ అంగళ్ళలో రెండు కిలోల బియ్యం బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2004కి ముందు మనమూ ధర్మపురి జిల్లావాళ్ళమే కదా. అయితే సంగటి షుగరుకి మందు అనుకుని మూడు ముద్దలు తినకూడదు, అదీ పిండే. ముద్ద చిన్నది చేసి, పప్పూ ఆకుకూరా ఎక్కువ చేస్తేనే దాని మేలు.

బడిలో నేర్చుకున్న ఒక కన్నడ సామెత ఉంది: "ఊట బల్లవనిగె రోగవిల్ల, మాతు బల్లవనిగె జగళవిల్ల." తినడం తెలిసినవాడికి రోగం లేదు, మాట్లాడటం తెలిసినవాడికి జగడం లేదు. తినకుండా ఉండటం తెలిసినవాడు అనలేదు చూడండి, తినడం తెలిసినవాడు అన్నారు. పండగ విషయంలో నేను చెప్పేదీ అదే. పండగ నాడు ఓళిగ మీద నెయ్యి వేసుకుని, కడుపులో దిగులు లేకుండా, అందరి మధ్య కూచుని తినండి. నాలుగో రోజు పొద్దున నిలబడి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని, ఎవరూ చూడకుండా తినే ముక్కలో పండగ లేదు. అది మానేస్తే మనం పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఈసారి దసరాకి ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళనీ పిల్లలనీ కూచోబెట్టి మూడు సంగతులు తేల్చుకోండి. తీపి ఏ రోజు వస్తుంది, ఏ రోజుకి అయిపోవాలి? మొదటి పంక్తిలో ఎవరు కూచుంటారు, ఎవరు వడ్డిస్తారు? సంక్రాంతి సెలవుల్లో అనపకాయలు పితకడానికి ఏ సాయంత్రం? ఈ మూడూ పంచాంగంలో పెన్నుతో రాసి గోడకి తగిలించండి. మూడు భాషల పంచాంగాలు ఉన్న ఇంట్లో రాసుకోవడానికి చోటుకేం తక్కువ?